సముద్రం వినిపించే ఊరు

కోచి అనగానే మన పాఠకులలో చాలామందికి కేరళలోని రేవుపట్టణం జ్ఞప్తికి వస్తుంది. నేను చెప్పబోయేది ఆ కొచ్చిని గురించి కాదు. జపాను దేశపు నాలుగు ప్రధాన ద్వీపాలలో మిక్కిలి చిన్నదైన షికోకు దక్షిణ తీరాన, పసిఫిక్ మహాసముద్రానికి అభిముఖంగా మరొక కోచి ఉన్నది. పలికేటప్పుడు మొదటి అక్షరాన్ని కాస్త సాగదీయాలి. పేరులోని రెండు చిహ్నాలకు ‘ఉన్నతమైన జ్ఞానం’ అని అర్థం. ఆ ప్రాంతపు పూర్వనామం తోసా. టోక్యో, క్యోటో, హిరోషిమాలు చూసి తిరిగివచ్చే విదేశీయుల యాత్రాపట్టికలో ఈ ఊరు సాధారణంగా కనిపించదు. నా పట్టికలోనూ ఉండేది కాదు. నన్ను అక్కడికి రప్పించినది ఒక సినిమా. అందులోనూ నాకు నచ్చని సినిమా.

ఆ చిత్రం పేరు జపాను భాషలో ‘ఉమి గ కికోఎరు’. ఆంగ్లంలో దానిని ‘ఓషన్ వేవ్స్’ అన్నారు. 1993 మే 5వ తేదీన జపాను టెలివిజన్‌లో ప్రసారమైన 72 నిమిషాల యానిమేషన్ చిత్రమది. నిర్మించినది స్టూడియో గిబ్లీ. ‘మై నైబర్ టొటోరో’ (1988), ‘స్పిరిటెడ్ అవే’ (2001) వంటి చిత్రాలతో హయావో మియజాకి పేరును ప్రపంచమంతటా మారుమోగించిన సంస్థ అదే. అయితే ఈ చిత్రానికి దర్శకుడు మియజాకి కాదు, ఆయన సహచరుడు ఇసావో తకహాతా కూడా కాదు. సంస్థలోని యువ కళాకారులు తక్కువ ఖర్చుతో, తక్కువ కాలంలో, నాణ్యత చెడకుండా ఒక చిత్రం తీయాలని పూనుకొన్నారు. టొమోమి మొచిజుకి దర్శకత్వం వహించాడు. ఆ ఇద్దరు పెద్దలు కాక మూడవవారు దర్శకత్వం వహించిన మొదటి గిబ్లీ చిత్రం ఇదే. తీరా చూస్తే అనుకొన్న ఖర్చూ మించింది, పెట్టుకొన్న గడువూ మించింది. మూలకథ సాఎకో హిమురో అనే రచయిత్రి నవల.

2020లో గిబ్లీ చిత్రాలు చాలావరకు మన దేశంలో ఇంటి తెరమీదకు వచ్చినప్పుడు, మా అమ్మాయి వాటిని ఒకటొకటిగా చూడసాగింది. కొన్నిటికి నేనూ తోడు కూర్చున్నాను. ఎగిరే కోటలు, మాట్లాడే పిల్లులు, అడవిలోని వింత ప్రాణులు చూసి ఆనందించిన తరువాత, కొంతకాలానికి ఈ చిత్రం వంతు వచ్చింది. ఇందులో ఎగిరేది విమానం ఒక్కటే.

కథ చెప్పాలంటే మూడు వాక్యాలు చాలు. టోక్యోలో చదువుకొంటున్న తకు అనే కోచి కుర్రవాడు, కిచిజోజి రైలుస్టేషనులో ఎదుటి ప్లాట్‌ఫారం మీద తనకు తెలిసిన ఒక అమ్మాయిని చూశాననుకొంటాడు. ఊరికి పోయే విమానంలో కూర్చుని పాత సంగతులు తలచుకొంటాడు. తల్లిదండ్రులు విడిపోగా టోక్యోనుంచి కోచి పాఠశాలకు వచ్చిన రికాకో అనే ఆ అమ్మాయి ఎవరితోనూ కలవదు, తకు వద్ద అప్పు పుచ్చుకొంటుంది, అబద్ధాలాడుతుంది, తండ్రిని చూడాలని అతణ్ణి వెంటబెట్టుకొని టోక్యో వెళుతుంది, అక్కడ భంగపడి తిరిగి వస్తుంది. తకు, అతని స్నేహితుడు మత్సునో ఇద్దరూ ఆమె మూలంగా మాటలు మానుకొంటారు, చివరకు మళ్లీ కలుసుకొంటారు.

అంతే. పాత్రలు లోతుగా తవ్వినవి కావు. ఆ అమ్మాయిపై సానుభూతి కలగకముందే చిరాకు కలుగుతుంది. కుర్రవాడు ఆమెను ప్రేమించాడని అతనికి తెలిసేలోపల చిత్రం ముగిసిపోతుంది. నేను ఆంగ్ల సాహిత్యం చదివి, ఇరవై ఏళ్లుగా అనువాదాలు చేసుకొని బ్రతుకుతున్నవాణ్ణి. కథలో ఆరంభం, సంఘర్షణ, పరిష్కారం వెదకడం నాకు జబ్బువంటిది. “ఏముంది ఇందులో?” అన్నాను, తెరమీద పేర్లు పడుతుండగా. మా అమ్మాయి నావైపు చూడలేదు. “నీకు అర్థం కాలేదు నాన్నా” అన్నది. ఆ వారంలోనే ఆమె ఆ చిత్రాన్ని మరి రెండుసార్లు చూసింది. పదహారేళ్ల పిల్ల అభిరుచి అంతే అని నేను సరిపెట్టుకొన్నాను.

గత అక్టోబరులో పనిమీద ఓసాకా వెళ్లాను. పని ముగిసిన తరువాత రెండు రోజులు మిగిలాయి. క్యోటో చూస్తానని ఇంటికి ఫోను చేసి చెప్పాను. అవతలనుంచి కాసేపు మౌనం. తరువాత మా అమ్మాయి, “కోచి వెళ్లవచ్చు కదా” అన్నది. ఏదీ తీసుకురమ్మని అడగని పిల్ల. కాదనలేకపోయాను.

ఒకయామాలో రైలు మారాలి. అక్కడినుంచి కోచికి రెండున్నర గంటల ప్రయాణం. 1988లో ప్రారంభమైన సెతో మహాసేతువు మీదుగా రైలు సముద్రాన్ని దాటుతుంది. క్రింద ద్వీపాలు, వాటి మధ్య పడవలు, పడవల వెనుక తెల్లని చారలు. షికోకు చేరిన పిమ్మట కొండలు మొదలవుతాయి. ఓబొకె అనేచోట లోయ అడుగున ఆకుపచ్చని యోషినో నది కనిపిస్తూ, సొరంగాలలో మాయమవుతూ ఉంటుంది. ఆ దారిలో తిరిగే కొన్ని రైళ్లపై అన్‌పన్‌మాన్ బొమ్మలుంటాయి. తీపి ముద్ద పెట్టిన రొట్టె తలకాయగా గల ఈ వీరుడు, ఆకలిగొన్నవారికి తన ముఖాన్నే తుంచి పెడతాడు. అతణ్ణి సృష్టించిన తకషి యనసె (1919–2013) కోచి ప్రాంతంలో పెరిగినవాడు. ఈ సీమకు బొమ్మలకథలపై మక్కువ ఎక్కువ. ఉన్నత పాఠశాలల విద్యార్థులకు బొమ్మలకథల పోటీలు 1992నుంచి ఇక్కడ జరుగుతున్నాయి.

కోచి స్టేషనుముందు ట్రాము ఎక్కాను. 1904లో మొదలైన ట్రాములు నేటికీ ఈ ఊరి నడివీధిలో గణగణమంటూ తిరుగుతున్నాయి. ఎదురుగా వస్తున్న ఒక బండి నుదుట మూడు అక్షరాలు కనిపించాయి. నాకు జపాను భాష రాదు. రైలులో కూర్చుని అక్షరాలు మాత్రం కూడబలుక్కొన్నాను. ‘గొమెన్’. ఆ మాట మాత్రం నాకు తెలుసు. ‘క్షమించు’ అని అర్థం. నగరవీధిలో ఒక ట్రాము అందరికీ క్షమాపణ చెప్పుకొంటూ పోతున్నట్లు తోచింది. తరువాత తెలిసినదేమంటే గొమెన్ ఒక ఊరి పేరు. తూర్పున ఆ దారి అక్కడ ముగుస్తుంది. పూర్వం బంజరు నేలలు సాగుచేయడానికి వచ్చినవారికి పన్ను మాఫీ చేసిన చోటు కనుక ఆ పేరు వచ్చింది. మాఫీకీ క్షమకూ జపాను భాషలో మాట ఒకటే.

ఆ సాయంత్రం చిత్రంలో చూసిన చోట్లన్నీ వెదికాను. పైకప్పు వేసిన ఓబియామాచి అంగడివీధి ఉన్నది. కోట ఉన్నది. 1601లో యమౌచి వంశ ప్రభువు కట్టించ మొదలుపెట్టిన కోట అది. 1727లో తగులబడగా ఇరవై ఏళ్ల తరువాత తిరిగి కట్టారు. జపాను దేశంలో నాటి కోటల బురుజు మేడలు యథాతథంగా మిగిలినవి పన్నెండే. వాటిలో మేడతోపాటు దాని ప్రక్కనున్న ప్రభువు నివాసం కూడా నిలిచి ఉన్నది ఇక్కడ మాత్రమే. చిత్రం చివర స్నేహితులందరూ కలుసుకొన్న రాత్రి దీపాల వెలుగులో కనిపించేది ఈ కోటే. నేనూ చీకటి పడేదాకా నిలుచున్నాను. దీపాలు వెలిగాయి. ఇద్దరు బడిపిల్లలు సైకిళ్లు నడిపించుకొంటూ వెళ్లారు. నాకేమీ కలగలేదు. సినిమా ఒకసారి నిరాశపరిస్తే ఊరు రెండవసారి నిరాశపరిచింది, అంతే అనుకొని బసకు చేరాను.

మరునాడు ఆదివారం. కోచిలో ఆదివారమంటే సంత. 1690నుంచి ఈ సంత సాగుతున్నదట. కోట ద్వారంనుంచి కిలోమీటరు పొడవునా, తాటిచెట్టులాంటి చెట్లవరుస కింద మూడు వందల దాకా గుడారపు దుకాణాలు. అల్లం కుప్పలు, ఆకుపచ్చని యూజు నిమ్మకాయలు, మట్టి వదలని చిలగడదుంపలు, తోసా కమ్మరులు సాగగొట్టిన కత్తులు, వెదురు బుట్టలు, పూలమొక్కలు. వేడినూనెలో చిలగడదుంప బజ్జీలు వేస్తున్నచోట బారెడు వరుస. అల్లం అమ్మే ముసలమ్మ ఎవరినో పిలిచి గట్టిగా నవ్వుతున్నది. ఆ నవ్వూ, ఆ పిలుపూ వింటుంటే టోక్యోలోనూ ఓసాకాలోనూ రెండువారాలుగా నా చెవిని పడిన జపాను భాష కాదనిపించింది. మాట కొసలు బరువుగా, మొరటుగా, హాయిగా ఉన్నాయి.

బజ్జీల వరుసలో నా ముందున్న పెద్దమనిషి నన్ను ఆంగ్లంలో పలకరించాడు. పాఠశాలలో ఆంగ్లం బోధించి పదవీ విరమణ చేసినవాడు. ఎక్కడినుంచి వచ్చారు, ఎందుకు వచ్చారు అన్నాడు. చెప్పాను. చిత్రం పేరు వినగానే ఆయన ముఖం విప్పారింది.

“బాగుందా?” అని అడిగాడు.

అబద్ధం చెప్పలేకపోయాను. “నాకంతగా నచ్చలేదు” అన్నాను.

ఆయన నొచ్చుకోలేదు. “అలాగైతే మీరు ముందు మా వంతెన చూడాలి” అని బజ్జీల పొట్లంతోపాటు నన్ను వెంటబెట్టుకొని నడిచాడు.

పది నిమిషాలు నడిచిన పిమ్మట ఆయన ఆగి చేయి చాపాడు. ట్రాములు అడ్డదిడ్డంగా దాటుకొనే పెద్ద కూడలి ప్రక్కన, బ్యాంకుల నీడలో, ఎర్రరంగు వేసిన చిన్న వంతెన. ఇరవై అడుగులు వేసేసరికి అయిపోయింది. ఇదే హరిమాయా వంతెన. జపాను దేశమంతటా దీని పేరు తెలుసు. గొప్పతనానికి కాదు. చూడవచ్చినవారిని నిరాశపరచడంలో దేశంలోకెల్లా పేరుపొందిన మూడు స్థలాలలో ఇది ఒకటి. సప్పోరో నగరపు గడియారం మేడను, నాగసాకిలోని డచ్చివారి వాలుదారిని దీనితోపాటు లెక్కిస్తారు.

ఈ వంతెనకు ఇంత పేరు ఎలా వచ్చింది? ఊరివారు పాడుకొనే ఒక పాట వలన వచ్చింది. పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలంలో గొదైసాన్ కొండమీది చికురింజీ ఆలయానికి చెందిన జున్షిన్ అనే యువ సన్యాసి, ఉమా అనే పడుచును ప్రేమించి, ఈ వంతెన దగ్గర ఆమె కోసం ఒక జడకొప్పు సూది కొన్నాడట. సన్యాసికి జడసూదితో ఏమి పని? ఊరు గుప్పుమన్నది. ఇద్దరూ పారిపోబోయి పట్టుబడ్డారు. వేరువేరు చోట్లకు వెళ్లగొట్టారు. 1954నుంచి ఏటా ఆగస్టులో వేలమంది చేతిలో చెక్కచిడతలు పట్టుకొని వీధులలో ఆడే యొసకోయి నృత్యోత్సవంలో మారుమోగేది ఆ పాటే. పాట విని వచ్చినవాడు మహాసేతువును ఊహించుకొంటాడు. ఇక్కడ ఇదీ.

“మేము దీనిని దాచుకోము. నిరాశపడడానికే రండి అంటాము. సన్యాసి కొన్నది జడసూది. దానికి ఇంతకంటే పెద్ద వంతెన ఎందుకు?” అన్నాడు ఆ పెద్దమనిషి.

వంతెన ప్రక్కన బల్లమీద కూర్చుని బజ్జీలు తిన్నాము. చిత్రంలో నాకు నచ్చనిదేమిటో ఆయన ఒకటొకటిగా అడిగి తెలుసుకొన్నాడు. పిల్లలు ఒకరినొకరు ఏమీ చెప్పుకోరనీ, చెప్పుకొన్నది చప్పగా ఉంటుందనీ అన్నాను. “ఏ భాషలో చూశారు?” అన్నాడు. ఆంగ్ల ఉపశీర్షికలతో అన్నాను. ఆయన తల ఊపి, నా చేతిలోని పుస్తకం అడిగి పుచ్చుకొని, రెండు మాటలు వ్రాసి చూపించాడు.

తోసా మాటలో వాన పడుతూ ఉంటే ‘ఫురియూ’ అంటారు. వాన వెలిసి, నేల తడిసి ఉంటే ‘ఫుచ్చూ’ అంటారు. టోక్యో భాషలో రెంటికీ ఒకే రూపం. “పడుతున్న వాన వేరు, పడిపోయిన వాన వేరు. మాకు ఆ తేడా కావాలి. పుస్తకాల భాషకు అక్కరలేదు” అన్నాడాయన. ఆ చిత్రంలో కోచి పిల్లలు మాట్లాడేది ఈ మాటే. రికాకో ఒక్కతే టోక్యో మాట మాట్లాడుతుంది. ఆమె నోరు తెరిచినప్పుడల్లా తరగతిలోని ప్రతివాడికీ ఆమె పరాయిదని తెలుస్తుంది. వారు నోరు తెరిచినప్పుడల్లా తాను పరాయిచోట ఉన్నానని ఆమెకు తెలుస్తుంది. కథలోని తగవు సగం అదే. ఉపశీర్షికలలో అందరూ ఒకే ఆంగ్లం మాట్లాడారు. ఏమీ జరగలేదని నేననుకొన్న సన్నివేశాలలో ప్రతి వాక్యంలోనూ ఏదో జరుగుతూనే ఉన్నదన్నమాట.

వృత్తిరీత్యా ఈ సంగతి నాకు తట్టవలసింది. తట్టలేదు. అంతకంటే సిగ్గుపడవలసిన సంగతి మరొకటి ఆ బల్లమీద కూర్చున్నప్పుడే తట్టింది.

మాది అనంతపురం జిల్లా. మా అమ్మాయి పదవ తరగతి పూర్తయిన ఏడు నా పనుల కోసం కాపురం హైదరాబాదుకు మార్చాను. క్రొత్త కళాశాలలో చేరిన మొదటి నెలలో ఆమె ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, క్లాసులో తనచేత ‘యాడికి’ అనే మాట పదేపదే అనిపించి నవ్వుతున్నారని చెప్పింది. 1990ల చివరనుంచి వచ్చిన ముఠాకక్షల చిత్రాల పుణ్యమా అని మా సీమ మాట వింటే కొందరికి కత్తులు, బాంబులు జ్ఞప్తికి వస్తాయి. పిల్లలు ఆ మాటే అని ఏడిపించారు. “కొద్దిరోజులు పోతే సర్దుకొంటుందిలే” అన్నాను. సర్దుకొన్నది. ఆరు నెలలు తిరక్కుండా మా అమ్మాయి వార్తలు చదివేవారిలా మాట్లాడసాగింది. ఇంట్లో కూడా అంతే. పుట్టినది మొదలు నన్ను ‘నాయనా’ అని పిలిచిన పిల్ల ‘నాన్నా’ అన్నది. ఏనాటినుంచి అన్నదో నాకు తెలియదు. గమనించినప్పుడు నేను బాధపడలేదు. భాష చక్కబడిందని లోలోపల సంతోషించాను కూడా.

సంతోషించక ఏమి చేస్తాను? నేను చేసినదీ అదే. మా ఊరినుంచి డిగ్రీ చదువుకు వెళ్లినప్పుడు నా మాటను నేనే ఇస్త్రీ చేసుకొన్నాను. అనువాదాలలో కూలివాడైనా, కోటీశ్వరుడైనా నా కలంలో ఒకే శిష్టభాష మాట్లాడారు. హార్డీ నవలలో టెస్ ఇంట్లో ఒక మాట, బయట ఒక మాట మాట్లాడుతుంది. ఆ రెండు మాటల మధ్య ఆమె జీవితం ఎలా చీలిపోయిందో పరీక్షలో నాలుగు పుటలు వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొన్నవాణ్ణి. అదే సంగతి నా ఇంట్లో, నా భోజనాల బల్ల దగ్గర జరుగుతుంటే చదవలేకపోయాను. ఊరు మారి, మాట పొసగక, చిరాకుపడుతూ, అబద్ధాలాడుతూ తిరిగే ఒక పిల్ల కథను మా అమ్మాయి మూడుసార్లు చూసింది. రెండవసారో మూడవసారో నన్ను మళ్లీ పిలిచిందని కూడా ఇప్పుడు జ్ఞాపకం వస్తున్నది. పని ఉన్నదన్నాను.

ఆ పెద్దమనిషికి ఇదంతా చెప్పలేదు. ఆయన తన ధోరణిలో మరొక తోసావాసి కథ చెప్పాడు. 1841లో మంజిరో అనే పద్నాలుగేళ్ల జాలరిపిల్లవాడు తుఫానులో చిక్కి, మరి నలుగురితో కలిసి ఒక నిర్జన ద్వీపానికి కొట్టుకుపోయాడు. తిమింగలాల వేటకు వచ్చిన అమెరికా ఓడ వారిని రక్షించింది. కెప్టెన్ విట్‌ఫీల్డ్ అతణ్ణి మసాచుసెట్స్‌కు తీసుకువెళ్లి చదివించాడు. పదేళ్ల తరువాత, విదేశాలకు పోయి వచ్చినవానికి మరణశిక్ష పడగల ఆ రోజులలో, మంజిరో ప్రాణాలకు తెగించి తిరిగి వచ్చాడు. 1852లో తోసా చేరేనాటికి మాతృభాష సగం మరిచిపోయి ఉన్నాడు. ఎన్నడూ బడికి పోని జాలరిపిల్లవాడు కనుక వ్రాయడం రాదు. కవదా షోర్యో అనే చిత్రకారుడు అతణ్ణి తన ఇంట పెట్టుకొని, తాను అతని వద్ద ఆంగ్లం నేర్చుకొంటూ, అతనికి జపాను భాష నేర్పుతూ, ఆ వృత్తాంతమంతా బొమ్మలతో సహా గ్రంథస్థం చేశాడు. మంజిరో తరువాత ప్రభుత్వానికి అనువాదకుడైనాడు. నౌకాయాన శాస్త్ర గ్రంథాన్ని ఆంగ్లంనుంచి జపాను భాషలోకి తెచ్చాడు.

“మీ వృత్తివాడే” అన్నాడు పెద్దమనిషి. అవును. కాని నాకు ఆ కథలో అనువాదకుడికంటె చిత్రకారుడు గొప్పవాడుగా తోచాడు. మాట పోగొట్టుకొన్నవాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టుకొని, తొందరపడకుండా, వాడు చెప్పేదాకా విన్నాడు.

సెలవు తీసుకొంటూ ఆయన నా అసలు ఫిర్యాదుకు కూడా జవాబు చెప్పాడు. ఏమీ జరగని కథ అన్నారు కదా, తోసాలో అది వెయ్యేళ్ల నాటి ఆచారం అన్నాడు. 934వ సంవత్సరాంతాన కి నొ త్సురయుకి అనే కవి ఇక్కడి పాలకుడుగా పదవీకాలం ముగించుకొని రాజధానికి బయలుదేరాడు. ఆ పడవ ప్రయాణాన్ని ఆయన ‘తోసా దినచర్య’గా వ్రాశాడు. పురుషులు చీనా భాషలో దినచర్యలు వ్రాసే కాలంలో ఆయన ఒక స్త్రీ వ్రాసినట్లుగా, వాడుక మాటకు దగ్గరగా, జపాను అక్షరాలలో వ్రాశాడు. యాభై అయిదు రోజుల ప్రయాణంలో జరిగినది బహు స్వల్పం. గాలి అనుకూలించలేదు, ఈరోజు కూడా ఆగాము, సముద్రపు దొంగలు వస్తారేమో, ఎవరో పద్యం చెప్పారు. కాని ఆ పడవలో ఒక బిడ్డ లేదు. తోసాలో చనిపోయిన ఆడపిల్ల. ప్రతి రేవులోనూ ఆమె తలపు వస్తూనే ఉంటుంది. ఆ పుస్తకం ఆంగ్లానువాదాన్ని నేను కళాశాల రోజులలో చదివి, దానినీ విసుగ్గానే ప్రక్కన పెట్టాను.

మధ్యాహ్నం బస్సులో కత్సురహమా వెళ్లాను. నగరం ఒక ఇరుకైన అఖాతానికి లోపలివైపున ఉన్నది కనుక, కోచి నడిబొడ్డున సముద్రం కనిపించదు, వినిపించదు. అరగంటకు పైగా ప్రయాణం చేసి అఖాతం నోటిదాకా పోవాలి. అక్కడ దేవదారు చెట్ల మధ్య, ఎత్తైన పీఠంమీద సకమోతో ర్యోమా కంచువిగ్రహం. పాత రాజ్యవ్యవస్థను కూలద్రోయడానికి పాటుపడి 1867లో హత్యకు గురైన ఈ తోసా వీరుణ్ణి 1928లో ఇక్కడ నిలబెట్టారు. ఒంటిమీద దేశీయ దుస్తులు, కాళ్లకు పాశ్చాత్యుల బూట్లు. చూపు సముద్రంమీద. ఆయన మాట్లాడినదీ తోసా మాటే. నవలలలోనూ, టెలివిజన్ నాటకాలలోనూ ఆయన వాక్యాల కొసలు దేశమంతటా పిల్లలు అనుకరిస్తారట. ఒకే మాట వీరుడి నోట వినిపిస్తే గౌరవం, తరగతిలో ప్రక్కవాడి నోట వినిపిస్తే నవ్వులాట. ఈ నీతి ఒక్క దేశానిది కాదు.

క్రిందికి దిగితే ఇసుక, రంగురంగుల గులకరాళ్లు, కొసన రాతిగుట్టమీద చిన్న గుడి. ఇక్కడ ఈతకు దిగడం నిషేధం. అలల లాగుడు అంత ప్రమాదకరం. అందువలన అందరూ చేయగలిగినది ఒకటే, ఒడ్డున కూర్చుని వినడం. అల విరిగిన మోతకన్న, వెనుకకు పోతూ గులకరాళ్లను ఈడ్చుకుపోయే చప్పుడు ఎక్కువసేపు వినిపిస్తుంది.

అప్పుడు చిత్రం పేరు తలచుకొన్నాను. ‘ఉమి గ కికోఎరు’. సంతలో కలిసిన పెద్దమనిషి దాని నిర్మాణం విప్పి చెప్పాడు. ఉమి అంటే సముద్రం. కికోఎరు అంటే చెవికి తగలడం. ఆంగ్లంలో చెప్పాలంటే ‘నేను’ అనే కర్తను తెచ్చిపెట్టాలి. లేదా చిత్రానికి పేరు పెట్టినవారు చేసినట్లు, వినడాన్నే వదిలివేసి అలలను మాత్రం ఉంచుకోవాలి. తెలుగులో ఆ బెడద లేదు. సముద్రం వినిపిస్తోంది. అంతే. ఎవరికి వినిపిస్తోంది, ఎక్కడినుంచి వినిపిస్తోంది అన్నది చెప్పనక్కరలేదు. టోక్యోలో ఉన్న కుర్రవాడికి తన ఊరు వినిపించవచ్చు. ఊరు మారిన పిల్లకు విడిచి వచ్చిన ఇల్లు వినిపించవచ్చు.

ఇంతమాత్రం చేత ఆ చిత్రం గొప్పదని నేను చెప్పబోను. నేటికీ నా అభిప్రాయం మారలేదు. అది తొందరగా ముగిసే చిత్రం. ఆ అమ్మాయి మనసులోకి మనకు తలుపు తీయని చిత్రం. హరిమాయా వంతెన కూడా చిన్న వంతెనే. కాని నేను నిరాశపడిన ప్రతిచోటా కొంత తప్పు వచ్చినవాడి చెవిలో కూడా ఉన్నదని ఒప్పుకోవలసి వచ్చింది.

అక్కడ సాయంకాలం అయిదు. హైదరాబాదులో మధ్యాహ్నం ఒంటిగంటన్నర, ఆదివారం. ఫోను చేశాను. మా అమ్మాయే తీసింది. కత్సురహమాలో ఉన్నానని, అలల దగ్గర కూర్చున్నానని చెప్పబోయాను. ఆ వాక్యం నా నాలుకమీదకు ఎప్పటిలా పుస్తకం భాషలోనే వచ్చింది. ఆపుకొన్నాను. ఇరవై ఏళ్లుగా ఎవరితోనూ అనని తీరున, తడబడుతూ అడిగాను.

“తిన్యావా మ్మా?”

అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. లైను తెగిందేమో అనుకొన్నాను. నేను ఫోనును అలలవైపు త్రిప్పి పట్టుకొన్నాను. పెద్ద అల ఒకటి విరిగి, రాళ్లను ఈడ్చుకొంటూ వెనుకకు పోయింది. మళ్లీ చెవి దగ్గర పెట్టుకొనేసరికి మా అమ్మాయి గొంతు సన్నగా వినిపించింది.

“ఇనపడ్తాంది నాయనా.”